గాలికి ముఖం తిప్పిన బండి

ఆ వేసవి ఎడారిలో పోయే బర్డ్స్‌విల్ దారిలో ఎండ ఎంతంటే, మా కోడి పెడితే ఉడికిన గుడ్డే పడేది. నమ్మకపోతే కోడినే అడగండి. చచ్చి ఎన్నేళ్ళయినా అబద్ధమాడే రకం కాదు.

మా కూతురు పెగ్‌కి అప్పటికింకా పళ్ళు రాలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరం. పట్నంలో డాక్టరు దగ్గరికి మా ఆయన విల్ఫ్ మోటారు తోలుతున్నాడు, పిల్ల నా ఒళ్ళో ఉంది. వెనకనుంచి గాలి వీస్తోంది. వెనకగాలైతే ఇంజిన్ని చల్లబరిచే నీళ్ళుండే రేడియేటర్‌కి ఊపిరాడదు. బండి ఆపి, ముక్కు గాలికెదురుగా తిప్పి, చల్లారేదాకా కూర్చోవాలి. ఆ దారిలో అందరూ చేసేదే.

మధ్యాహ్నానికి రేడియేటర్ మూత దగ్గర బుసబుసా ఆవిరి కక్కింది. విల్ఫ్ బండి తిప్పి ఆపాడు. అప్పుడు చూశాం. పక్కనే గస్ సమాధి. బండి ఇలాగే మరిగి ఎండిపోతే, దాహంతో అక్కడే పోయిన మనిషి. సమాధి మీద కిరసనాయిలు డబ్బా ఉంటుంది. దారినపోయే ప్రతి బండివాడూ అందులో ఓ మగ్గు నీళ్ళు పోసి పోవాలి. తీసుకోవడం మాత్రం ఎవరూ చెయ్యరు.

మా బండి ముందు వేలాడే కాన్వాసు సంచిలో పిల్లకి సరిపడా నీళ్ళే మిగిలాయి.

విల్ఫ్ ఆ డబ్బా ఎత్తాడు.

"ఏమయ్యోయ్, అది గస్‌ది!" అన్నాను గొంతు తగ్గించి.

"వాడు తాగుతుంటే చూశావా? మీ అమ్మకంటే ఎక్కువ తాగుతాడా ఏం?"

"మా అమ్మ జోలికెళ్ళకు. డబ్బా అక్కడ పెట్టు."

"పిల్ల బతకాలా, వద్దా, డల్సీ?"

విల్ఫ్ రేడియేటర్ మూత విప్పాడు.

పోశాడు. గుటక్... గుటక్... డబ్బా అంతా ఒంపినా లోపల నీళ్ళు పైకి రాలేదు. బండి కింద నేల పొడిగానే ఉంది. ఆవిరి మాత్రం ఆగింది.

విల్ఫ్ రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు.

"చల్లగా ఉందే..." అన్నాడు. నవ్వలేదు.

మళ్ళీ గుటక. ఈసారి సంచి దగ్గర. మేం చూస్తుండగానే కాన్వాసు లోపలికి పీక్కుపోయింది, పాలింకిన పొదుగులా. లేవబోయాను. విల్ఫ్ చెయ్యి చాచి అలాగే ఉండిపోయాడు. పిల్ల నీళ్ళు... ఒక్క చుక్క లేదు.

మూడో గుటక నా ఒళ్ళోంచి వినిపించింది.

పెగ్ పెదాలు తడిగా ఉన్నాయి. మూలనుంచి ఎర్రటి తుప్పునీళ్ళు జారుతున్నాయి. నిప్పులాంటి ఒళ్ళు... చల్లబడింది. ఊపిరి ఆడుతోంది.

పోసిన నీళ్ళు ఎటుపోయాయో, చుక్క నీళ్ళు లేని ఇంజిను పట్నందాకా వేడెక్కలేదు.

"జ్వరమేదమ్మా? నన్ను ఆటపట్టించడానికొచ్చారా?" అన్నాడు డాక్టరు.

ఇప్పుడు పెగ్‌కి మనవలున్నారు. నా మాటలు సగానికి కోసి నమ్మినా ఫరవాలేదు. ఇది మాత్రం కొయ్యకండి. ఎండ మండిన రోజు పెగ్ మాట మధ్యలో లేచి పెరట్లోకి పోతుంది. గాలి ఎటునుంచి వీస్తే అటు ముఖం తిప్పి, నోరు తెరుచుకుని నిలబడుతుంది. పిలిస్తే పలకదు. నేను చెయ్యి పట్టి లాగినా కదలదు.

నిన్న దగ్గరికెళ్ళి నుదురు తాకాను. చల్లగా...

దాని కాళ్ళ ముందు ఎండిన మట్టిలో చదరంగా తడి అచ్చు ఉంది, ఎవరో కిరసనాయిలు డబ్బా పెట్టి తీసినట్టు.

మా ఇంట్లో అలాంటి డబ్బా లేదు.