నూకాలమ్మ గుల్లల కుండ

“ఒక్క కుండెడు గుల్లల మాంసం, దేవరాజూ! అది కాకినాడ రేవులో ఓడెక్కిందంటే మన కొంప మునిగినట్టే,” అన్నాడు చీఫ్ సుబ్బరాజు, ఏలూరు ఆఫీసు తలుపు గడియ పెట్టి.

ఏజెంట్ దేవరాజు నవ్వబోయి ఆగాడు. చీఫ్ జోకులు వేసే రకం కాదు.

“ఉప్పుటేరు ఒడ్డున మన సీక్రెట్ పవర్ హౌస్ ఉందిగా. దాని బూడిద నీళ్లలో లోహం అడుసులోకి దిగుతుంది. అడుసులో బతికే గుల్లల ఒంట్లో పేరుకుంటుంది. ఆ మాంసాన్ని లేబరేటరీలో పరీక్షిస్తే, లోపల మనం వాడే లోహమేదో విదేశీ ముఠాకి తెలిసిపోతుంది.”

“మనుషులు తింటే, సర్?”

“నరాలు చచ్చుబడతాయి. అది మన డిపార్టుమెంటు కాదు.”

మర్నాడు మధ్యాహ్నానికల్లా, గుల్లలు కొనే సున్నం వ్యాపారి వేషంలో ఉన్న దేవరాజు కాకినాడ వెళ్లే గూడ్సు పెట్టెలో కాళ్లూ చేతులూ కట్టేసి పడి ఉన్నాడు. వేషం కనిపెట్టి పిస్తోలు గురిపెట్టింది బాలాత్రిపురసుందరి. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర. రెండు పక్షాలకీ పనిచేసే ఆ మనిషి అసలు ఎవరి వైపో ఆవిడకే తెలియాలి.

“ఆకలేస్తే నన్ను తిట్టుకోకండేం,” అంటూ పక్కనున్న కుండ మూతికి కట్టిన గుడ్డ వదులు చేసి దిగిపోయింది. తలుపుకి సీలు పడింది. బండి కదిలింది.

కుండ నిండా ఉడకబెట్టిన గుల్లల మాంసం! పెట్టె పెనంలా కాలుతోంది. గొంతు చించుకుని అరిచినా పలికే దిక్కు లేదు. కుండ తన్నేసినా, తలుపు తీసిన ముఠావాడు ఒలికిన మాంసం ఎత్తుకుపోతాడు. ఇక ఒకటే దారి. దేవరాజుకి భయమేసింది, ఏడుపూ వచ్చింది. గుడ్డ పళ్లతో లాగేసి, కుండలో తల దూర్చాడు.

తాడేపల్లిగూడెంలో బ్రేకులు కీచుమన్నాయి. సీలు తెగుతున్న చప్పుడు వినగానే ఆఖరి ముద్ద మింగేశాడు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా చేతులకి బేడీలతో ముఠా నాయకుడు, వెనక చీఫ్. సుందరి సమయానికి చీఫ్‌కి ఫోన్ చేసిందట. వాళ్లను తోసుకుంటూ ముందుకొచ్చింది నూకాలమ్మ. ముఠాకి గుల్లలు ఏరి, ఉడికించి ఇచ్చిన మనిషి. తన కుండ తనకిచ్చేదాకా వదలనని నాయకుడి కారెక్కి మరీ వచ్చింది.

“సర్, మొత్తం తినేశాను. మా ఆవిడకి కబురు పెట్టండి,” అన్నాడు దేవరాజు ఏడుస్తూ.

“మీకేం కాదు బాబూ,” అంది నూకాలమ్మ. “ఇవి ఏటికి ఎగువన ఏరానండి. ఈ బేడీల దొరగారు పవర్ హౌస్ దగ్గరవే కావాలన్నారు గానీ, తినేవాళ్లకి ఆ గుల్లలు ఎలా ఇస్తామండీ? అవి తిన్నాకే మా కోడలికి కాళ్లు పడిపోయాయి.”

చీఫ్ మొహం పాలిపోయింది. “ఇది టాప్ సీక్రెట్! నీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలేంటండీ? ఒడ్డున అందరికీ తెలుసు. మీరే ఎప్పుడూ అడగలేదు.”

కుండలోకి తొంగి చూసి బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో నాయనా! దొరగారు వద్దన్నారని ఉప్పయినా వెయ్యలేదే, ఎలా తిన్నారండీ!”