ఎదుటి పీట

పొద్దుటూరులో ఎండాకాలం మధ్యాహ్నమంటే ఊరు ఊరంతా తలుపులేసుకుని పడుకునే పొద్దు. కుక్కలు సైతం మురుక్కాలవ పక్కన చల్లటి తావు చూసుకుని కూలబడతాయి. ఆ పొద్దులో పని చేసేది ఆ వీధి మొత్తానికీ మసరత్ ఒక్కతే. మొండిది. పడుకోమంటే పడుకోదు.

ఆమె పని చెస్ బోర్డుల మీద అక్షరాలు, అంకెలు రాయడం. కొయ్య కోసి, గళ్లు అతికించి, చుట్టూ అంచు కట్టేదంతా ఆమె బావ జమాల్. ఆ అంచు మీద ఆడేవాళ్లకు గుర్తుగా ఏ నుంచి హెచ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు సన్న కుంచెతో రాయాలి. ఒక్కోటి బియ్యపు గింజంత ఉంటుంది. చేయి తగిలిందా, పచ్చి రంగు అలుక్కుపోయి చేసిన పనంతా మట్టిపాలు. అందుకే మసరత్, ఆమె మొగుడు రిజ్వాన్ ఇంటి ముందు వర్క్‌షాపులో బోర్డును స్టూలు మీద పెట్టి, చెరో పక్కా పీటేసుకుని ఎదురెదురుగా కూచునేవాళ్లు. ఆమె వైపు ఆమె, అతని వైపు అతను. బోర్డు తిప్పే పనే ఉండదు. రిజ్వాన్‌కు టీ పిచ్చి. మధ్యలో లేవబోతే మసరత్ కసిరేది.

“ఇంకొక్కటే ఉంది, కూచో!”

ఆమె ఒక్కటి ఏనాడూ ఒక్కటితో ఆగదని అతనికి బాగా తెలుసు. అయినా నవ్వుకుంటూ కూచునేవాడు.

చలికాలంలో రిజ్వాన్ కువైట్‌కు పోయాడు. మసరత్ మాత్రం ఎదుటి పీట తీయలేదు. పొద్దున్నే ఊడ్చి ఆ పీట వేసేది. అతని కుంచె కడిగి పెట్టేది. డబ్బా మూతలో అతని వంతు రంగు కూడా పోసేది. “ఎవురన్నా చూస్తే నవ్వుతారు మే” అని జమాల్ అంటే, “నవ్వనీలే బావా” అనేది. దిగులు మరీ ఎక్కువైన రోజు ఆ ఖాళీ పీటతోనే మాట్లాడేది. “రా, కూచో. నీ వైపు నువ్వు రాసుకో.”

అన్నది ఆమె. విన్నది ఎవరో!

పులివెందులలో ఒక బడివాళ్లు బోర్డులు కావాలన్నారు. జమ్మలమడుగులో పాత మిద్దె ఒకటి కూలుస్తుంటే జమాల్ పోయి ఒక తలుపు కొనుక్కొచ్చాడు. ముదురు టేకు. రంపం పెట్టగానే ఏళ్ల తరబడి మూసిపెట్టిన గదిలోంచి వచ్చే ముక్క వాసన గుప్పుమంది.

“ఇది లోపల గడియ పెట్టిన్నిందంట మే. పగలగొట్టి తీసినారంట. తీరా చూస్తే లోపల ఎవురూ ల్యారంట!” అని జమాల్ నవ్వుతూ చెప్పాడు. మసరత్ కూడా నవ్వేసింది.

ఆ కొయ్యతో చేసిన మొదటి బోర్డుకు తన వైపు రాసేసి, ఆరనిద్దామని లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చింది. బోర్డు తిప్పబోయింది. చేయి అక్కడే ఆగిపోయింది. అవతలి వైపు రాసేసి ఉంది. రంగు ఇంకా పచ్చిగా మెరుస్తోంది. జి అక్షరానికి తోక కొంచెం పైకి మెలేసి… అచ్చం రిజ్వాన్ రాసినట్టే ఉంది.

“బావా! ఇది నువ్వు రాసినావా?”

వరండాలో ఫోనులో గుసగుసలాడుతున్న జమాల్ ఉలిక్కిపడి, గబుక్కున ఫోను జేబులో దాచాడు. “నాకు రాత యాడొచ్చు మే? నాకొచ్చిందల్లా రంపమే.”

ఆ దాచుకోవడం మసరత్ కంట్లో నలుసులా పడింది. ఆ తలుపు ఇంటికొచ్చినప్పటి నుంచే రిజ్వాన్ ఫోను చేయడం మానేశాడు. మెసేజీలు వస్తాయి గానీ గొంతు రాదు. ‘బాగుండా’, ‘పని ఉంది’, ‘మళ్లా చేస్తా’. అంతే. ఏ మొగుడైనా పెళ్లానికి ఇంత పొడిపొడిగా రాస్తాడా? జమాల్ ఆమె కళ్లల్లోకి చూడడం లేదు. ఆమె వస్తే మాట మారుస్తున్నాడు.

మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. ఆమె లోపలికి పోవడమే ఆలస్యం, మూత అంచుకు కుంచె తట్టిన చప్పుడు. టక్… టక్… పరుగున వస్తే పీట మీద ఎవరూ ఉండరు. ఆ ముక్క వాసన, పచ్చి రంగు, అంతే. మసరత్ భయపడిందనుకుంటారేమో. లేదు. ఏడ్చింది. రిజ్వాన్ లేడు, ప్రాణం పోయి ఇట్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చినాడు, బావ ఆ సంగతి దాచి, మెసేజీలు తనే కొడుతున్నాడు… అని గట్టిగా నమ్మేసింది.

చివరికి ఆ తలుపు కొయ్యలో ఆఖరి బోర్డు ఒక్కటే మిగిలింది. దానికి అవతలి వైపు అన్నీ రాసి, ఎనిమిది అంకె దగ్గర రాత ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా చూసింది. ఆ ఎనిమిది రాలేదు. ఇక ఉండబట్టలేక పోయి జమాల్ చొక్కా పట్టుకుంది.

“నా మొగుడు బతికుండాడా, ల్యాడా? నిజం చెప్పు బావా!”

జమాల్ మొహం వాడిపోయింది. “అల్లా తోడు, బతికే ఉండాడు మే. ఒళ్లు బాగల్యాదు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఎండకు నడిమధ్యాహ్నం ఆడ పని ఆపుతారు గదా, అప్పుడు పడుకుంటే ఇంక లేయడంట. నీళ్లు పోసినా, చెంపలు వాయించినా లేయడంట. డాక్టర్లు ఏమీ ల్యాదంటాండారు. ఇదో, నువ్వే మాట్లాడు.”

ఆమె ఫోను అందుకుని, వీడియో కాల్ కలిపి ఆమె చేతిలో పెట్టి, మొహం చూపించలేక వీధిలోకి పోయాడు.

మసరత్ ఫోను పట్టుకుని వర్క్‌షాపు గడప మీదికొచ్చింది. సిగ్నలు అక్కడే అందేది. తెర మీద రిజ్వాన్! కళ్లు గుంటలు పడ్డాయి. అయితేనేం, బతికున్నాడు.

“ఏందయ్యా ఇది? ఏంటికి దాచినావు?”

“నువ్వు బెదురుకుంటావని…” అతని గొంతు గుసగుసగా వచ్చింది. “మసరత్, నిద్దరపోతే నేను ఆడికే వస్తాండా. మన వర్క్‌షాపుకే. నా పీట మీద కూచోని రాస్తాండా.”

“నేను చూసినాలే! నీ జి తోక చూసినా!” ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“ఎదురుగా నువ్వు తల వంచుకోని కూచోనుంటావు. లేస్తానంటే ‘ఇంకొక్కటే ఉంది, కూచో’ అంటావు. నిన్న… ‘ఈ బోర్డు అయిపోతే నాతో వచ్చెయ్, తలుపేసుకుందాం’ అంటివి. ఏం తలుపని అడిగితే తలెత్తినావు.”

“ఎత్తితే?”

“నువ్వు కాదు.”

మసరత్ ఫోను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది.

“ఎవురో తెల్దు. గొంతు మాత్రం నీదే. భయపడి లేసినా. ఎనిమిది ఒక్కటి మిగిలిపాయ… మే, నాకు నిద్దరొస్తాంది. శానా వస్తాంది…”

“వద్దయ్యా! లేయ్! గదిలో ఎవురూ ల్యారా?”

“తిండికి… పోయినారు…” తల వాలిపోయింది.

టక్.

చప్పుడు ఫోనులోంచి రాలేదు. ఆమె వెనక నుంచి వచ్చింది.

తిరిగి చూసింది. స్టూలు మీద బోర్డు. అటో పీట, ఇటో పీట. రెండూ ఖాళీ. ఎదుటి పక్క కుంచె మెల్లగా లేచింది… రంగులో మునిగింది… మూత అంచుకు తట్టుకుంది. అదే సమయానికి ఇవతల తన పీట కిర్రుమంది. ఎవరో సర్దుకుని కూచున్నట్టు… ముందుకు జరిగింది.

తన పీట!

మసరత్‌కు ఎక్కడలేని రోషం వచ్చింది. భయం ఆ తర్వాత. ఒక్క దూకు దూకి టర్పెంటు డబ్బా బోర్డు మీద కుమ్మరించి, కొంగుతో బరబరా రుద్దింది. ఏ లేదు, హెచ్ లేదు, అంకెలు లేవు. కుంచె కింద పడింది. తెర మీద రిజ్వాన్ మునిగినవాడు పైకి తేలినట్టు గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు తెరిచాడు.

“పోయింది… మసరత్, పోయింది! బతికించినావు!”

“పోతుంది, పోక ఏం జేస్తాది! ఈ పీటను పొయ్యిలో పెడతా, ఈ బోర్డును పొయ్యిలో పెడతా!” అని వెక్కి వెక్కి ఏడ్చింది.

రిజ్వాన్ నవ్వబోయి ఆగిపోయాడు. మొహం పక్కకు తిప్పి ఏదో విన్నాడు.

“మే… నువ్వు యాడుండావు?”

“ఈడే, వర్క్‌షాపులో. అట్లడుగుతావేంది?”

“మరి ఈడ తలుపు కొడతాండేది ఎవురు?”

టక్… టక్… ఈసారి చప్పుడు ఫోనులోంచే వచ్చింది.

“తియ్యొద్దు! నీ కాళ్లు మొక్కుతా, గడియ పెట్టుకో!”

“పెట్టే ఉంది మసరత్.”

చప్పుడు ఆగింది. రిజ్వాన్ చూపు తలుపు మీంచి మెల్లగా గదిలోకి మళ్లింది. ఫోను చేయి జారింది. తెర నిండా పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను. పక్కనే, శానా దగ్గరగా, మసరత్ గొంతు మురిపెంగా కసిరింది.

“ఇంకొక్కటే ఉంది, కూచో.”

కాల్ తెగిపోయింది.

పొద్దు వాలాక జమాల్ గడపలోకొచ్చి నిలబడ్డాడు. అప్పుడే మాట్లాడిన ఫోను ఇంకా చేతిలోనే ఉంది. “ఆడ తలుపు పగలగొట్టినారంట మే. లోపల గడియ పెట్టే ఉన్నిందంట. తీరా చూస్తే…” అన్నాడు. ఆ మీద చెప్పలేకపోయాడు.

మసరత్ అతని వైపు చూడలేదు. బోర్డునే చూస్తోంది. తుడిచిన కొయ్య మీద, ఎదుటి పీట వైపు, ఒక్క ఎనిమిది పచ్చిగా మెరుస్తోంది. ఆమె కుంచె ముట్టనే లేదు. అయినా అది రిజ్వాన్ రాత కాదు. మసరత్ రాత.