రెండో పూత

ముందుగదిలో చెక్క నేల గీతలు పడి పాడైపోయిందని గడియారాలాయన భార్య పాతికేళ్ళు పోరింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఊళ్ళోవాళ్ళందరి గడియారాలూ బాగుచేసే మనిషికి సొంత ఇంటి నేల కనబడలేదు. ఆవిడ పోయిన పదకొండు నెలలకి కనబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మూడు రోజులు నేల గీకాడు. అద్దెకు తెచ్చిన యంత్రం రొదలో ఒంటరితనం తెలియలేదు. ఆపగానే తెలిసేది. వంటింటి దాకా పిండిలాంటి చెక్కదుమ్ము పరుచుకుంది. తుడవబుద్ధి కాలేదు. చూసేవాళ్ళెవరు గనక?

దుకాణం అతను వార్నిష్ డబ్బా ఇస్తూ మరీ మరీ చెప్పాడు. "అవతలి గోడ దగ్గర మొదలెట్టి, వెనక్కి నడుస్తూ వేయండి బాబాయ్. గుమ్మం దాకా వచ్చేసరికి గది ఖాళీ అయిపోవాలి. ఆరేదాకా ఈగని కూడా లోపలికి రానివ్వకండి."

అలాగే వేశాడు. గుమ్మం దాటి చూసుకుంటే కిటికీ దగ్గర రెండు చోట్ల వార్నిష్ లేదు. అక్కడ కుంచె తిప్పినట్టు ఆయనకి బాగా గుర్తు. రెండూ పక్కపక్కనే, పాదాలంత ఉన్నాయి. నిలబడ్డ మనిషి చుట్టూ వేసినట్టుంది. మొదటి పూత చెక్క తాగేస్తుంది కాబట్టి అంచులు ఇంకిపోయి వేళ్ళు తెలియలేదు. కానీ రోజూ సాయంత్రం ఆవిడ ఆయన కోసం ఎదురుచూసింది ఆ కిటికీ దగ్గరే.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

"నువ్వేనా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఎంతసేపని అక్కడే నిలబడతావు? వచ్చి నా దగ్గర కూర్చోరాదూ."

మర్నాడు పొద్దున రెండో పూత. ఆ మచ్చల మీద మరీ ప్రేమగా కుంచె తిప్పాడు. వెనక్కి వెనక్కి జరిగి, గుమ్మం దాటి తలెత్తాడు.

కిటికీ దగ్గర ఏమీ లేదు.

మచ్చలు గుమ్మానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన వైపు తిరిగి...

రెండో పూత ఇంకదు, పైనే నిలుస్తుంది. అంచులు గీసినట్టున్నాయి. మడమ... అరికాలి వంపు... వేళ్ళు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే చూశాడు.

భార్య ఎడమకాలి చిటికెనవేలు పుట్టుకతోనే పక్కవేలి మీదకెక్కి ఉండేది. "నా చిటికెనవేలికి కూడా ఒంటరిగా ఉండటం చేతకాదండీ" అని నవ్వేది. భోజనాల బల్ల కింద ఆ చల్లటి పాదం తెచ్చి ఆయన పాదం మీద పెట్టేది.

ఇక్కడ పది వేళ్ళూ తిన్నగా ఉన్నాయి.

తలుపు మూసేసి, పెరటి వైపు నుంచి బయటపడదామని వంటింట్లోకి పరుగెత్తాడు.

పదకొండు నెలలుగా బల్ల కిందకి తోసి ఉన్న ఆవిడ కుర్చీ వెనక్కి లాగి ఉంది. దాని ముందు దుమ్ములో రెండు పాదాల మేర నేల శుభ్రంగా కనబడుతోంది. అక్కడిదాకా నడిచొచ్చిన గుర్తులు మాత్రం లేవు.

పెరటి తలుపు నాలుగడుగుల దూరం. వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోవాలి. కానీ ఇన్ని నెలల్లో ఆయనకెదురుగా ఒక్కళ్ళూ కూర్చున్న పాపాన పోలేదు.

చెప్పులు విడిచి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరు?" అన్నాడు గుసగుసగా.

కాసేపటికి బల్ల కింద ఆయన పాదం మీద ఓ చల్లటి పాదం ఆనింది. కళ్ళు మూసుకుని వేళ్ళు పోల్చుకున్నాడు... చిటికెనవేలు తిన్నగానే ఉంది.

తర్వాత అది కదిలింది. నెమ్మదిగా, కొత్తగా నేర్చుకుంటున్నట్టు, పక్కవేలి మీదకి ఎక్కింది.