భాస్కర్ గరాజ్‌లో గొంతు

పరాయి దేశంలో మేముండే మౌంట్ రాస్కిల్‌లో మన తెలుగువాళ్ళు చీకటి పడ్డాక ఆగకుండా దాటిపోయే ఇల్లు ఒకటుంది. రోడ్డు చివర, గుట్టకింద, పాత చెక్క ఇల్లు. నిజానికి ఇంటికి ఏ చెడ్డపేరూ లేదు. చెడ్డపేరంతా దాని గరాజ్‌దే.

ఆ గరాజ్‌లో చీకటి పడగానే ఓ ఆడమనిషి కూనిరాగం తీస్తుందని చెప్పుకుంటారు. పుష్పలత ఆంటీ అయితే స్వయంగా విన్నారు. ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళి, గరాజ్ కిటికీలోంచి తొంగి చూశారట. తొంగి చూడడం ఆవిడకి అలవాటే, దానికి దెయ్యమే ఉండక్కర్లేదు.

లోపల లైటు లేదు. ఓ మూల ఎర్రగా ఏవో వెలుగుతున్నాయి. వాటి ముందు ఆ ఇంటాయన ఉదయభాస్కర్ ఒక్కడే కూర్చుని ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నాడు... ఒక ఆడగొంతు అతనికి బదులిస్తోంది. ఆంటీ డబ్బాని గడ్డిలోనే వదిలేసి కారెక్కారు.

అందులో అంత భయపడాల్సింది ఏముంది అంటారా? భాస్కర్ భార్య నిరుపమ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

నేను దెయ్యాలని నమ్మను. అయినా రాత్రిపూట చెత్త బిన్ను రోడ్డు మీదకి తోసే పని మాత్రం మా ఆయనకే వదిలేశాను. ఈ సంగతంతా నాకు చెప్పింది మహేంద్ర. చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. సెలవొస్తే పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు ముందేసుకుని కూర్చుంటాడు, అదో పిచ్చి. మా వంటింట్లో కూర్చుని, ఇచ్చిన టీ ముట్టుకోకుండా చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతాను. మధ్యలో నా నోరు ఊరుకోకపోతే మీరే సర్దుకోండి.

భాస్కర్ దగ్గర పాతకాలపు ఆంప్లిఫయర్ ఒకటుంది. ఇప్పటి వాటిల్లో చిప్పులుంటాయి. దీంట్లో చిన్న సీసాల్లాంటి గాజు ట్యూబులు వరసగా నిలబడి ఉంటాయి. స్విచ్ వేశాక అవి నెమ్మదిగా వేడెక్కి ఎర్రబడితే గాని పాట రాదు. "ఇది పాటల మిషనా, చలిమంటా?" అని నిరుపమ ఏడిపించేదట. ఇంట్లో చోటు లేదని గరాజ్‌లో గోడకి అర బిగించి దాని మీద పెట్టాడు.

ఇప్పుడా ఇంట్లో మిగిలింది ఇద్దరే. భాస్కర్, అతని అత్తగారు కృష్ణవేణి. కూతురికి జబ్బని తెలిసి రేపల్లె నుంచి వచ్చిన మనిషి, కూతురు పోయాక వెనక్కి వెళ్ళలేదు. "దాన్ని ఈ ఊళ్ళో వదిలేసి ఎక్కడికి పోను?" అన్నారట.

ఆవిడ పాతకాలం మనిషి. అల్లుడికి ఎదురుపడరు, అల్లుడి ముందు కూర్చోరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. పాలు అయిపోతే మైక్రోవేవ్ వైపు తిరిగి "పాలు అయిపోయాయి" అని గొణిగేవారట. అటుపక్క నిలబడ్డ అల్లుడు విని, వెళ్ళి తెచ్చేవాడు. అన్నం టేబుల్ మీద మూతపెట్టి, కారు చప్పుడు కాగానే తన గదిలోకి వెళ్ళిపోయేవారు. పెళ్ళయిన నాటి నుంచీ అదే మర్యాద. ఇద్దరికీ అందులో వింతేం కనిపించలేదు.

జులై నెలలో ఓ సాయంత్రం భాస్కర్ మహేంద్రకి ఫోన్ చేశాడు. "ట్యూబులు మార్చాలి, ఓసారి వచ్చి చూస్తావా?" అని.

మహేంద్ర ఆఫీసు నుంచి అటే వెళ్ళాడు. ఇక్కడ జులై అంటే చలికాలం కదా, అతను చేరేసరికే చీకటి పడిపోయింది. భాస్కర్ గరాజ్ తలుపు దించేశాడు. లైటు ఆర్పేశాడు. అప్పుడు ఆంప్లిఫయర్ స్విచ్ వేశాడు.

"పాటేదీ అన్నా?" అన్నాడు మహేంద్ర.

"పాట అక్కర్లేదు. కూర్చో."

ట్యూబులు ఎర్రబడ్డాయి. స్పీకర్‌లో సన్నగా బుస మొదలైంది. భాస్కర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి పిలిచాడు.

"నిరూ..."

బుస... ఇంకా బుస...

తర్వాత — ఆ బుస వెనక ఎక్కడో — "ఊఁ... ఊఁ..." అని ఒక రాగం. జోలపాట రాగం. మధ్యలో ఏవో మాటలు, నీళ్ళలోంచి వచ్చినట్టు, ఒక్కటీ తెలియడం లేదు. ఆడగొంతు అని మాత్రం తెలుస్తోంది.

ఆ గొంతు మహేంద్రకి తెలుసు. నిరుపమ వదిన చేతి వంట ఎన్నిసార్లు తిన్నాడో లెక్కలేదు, వండుతూ ఆవిడ తీసిన కూనిరాగం కూడా అన్నిసార్లూ విన్నాడు. ఇదే రాగం.

"విన్నావా?" అన్నాడు భాస్కర్. మొహంలో ఏదో వెలుగు. "నాకు పిచ్చెక్కలేదు కదా?"

మహేంద్ర లేచి వైర్లు చూశాడు. రేడియో స్టేషన్ ఏదైనా దూరుతోందేమోనని ఏరియల్ లాంటిదేదైనా ఉందా అని వెతికాడు, ఏమీ దొరకలేదు. పెన్సిల్ వెనకవైపుతో ముందున్న చిన్న ట్యూబుని తట్టాడు. స్పీకర్ 'టంగ్' మంది. ముసలి ట్యూబు, లోపలి తీగలు వదులైపోయాయి. ఆ మాటే చెప్పాడు.

"అందుకే మార్చమంటున్నా," అన్నాడు భాస్కర్. "రోజురోజుకీ తగ్గిపోతోంది. మాటలు తెలియడం లేదు. నాకు మాటలు కావాలి మహేంద్రా."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఆసుపత్రిలో ఆఖరి రోజు, అత్తగారు ఇంటి దగ్గర ఉండగా, ఆఫీసు ఫోన్ వస్తే భాస్కర్ కారిడార్‌లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అయిపోయింది. పక్కనున్న నర్సు చెయ్యి పట్టుకుని, పాపం, ఆ పిల్ల కూడా ఏడుస్తూ చెప్పిందట — "మీ ఆవిడ ఏదో చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మీ భాషలో."

నిరుపమ ఆఖరి మాట తెలుగులో అంది. విన్న మనిషికి తెలుగు రాదు. ఈ మాట చెప్పేటప్పుడు మహేంద్ర తల దించేసుకున్నాడు. నేను స్టవ్ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఇంత దూరం వచ్చి బతుకుతున్నాం, అలాంటి రోజు మన పక్కన ఎవరుంటారో మనకి మాత్రం ఏం తెలుసు?

"అదే చెబుతోంది రోజూ," అన్నాడు భాస్కర్. "నాకే వినబడడం లేదు."

మహేంద్ర కాదనలేకపోయాడు. మంచి ట్యూబులు బయట దేశం నుంచి తెప్పించాడు. బుస ఉండదని, పాట పక్కన కూర్చుని పాడినట్టుంటుందని పేరున్నవి.

అవి వచ్చిన శనివారం సాయంత్రం ఇద్దరూ మళ్ళీ గరాజ్‌లో కూర్చున్నారు. భాస్కర్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడట.

పాత ట్యూబుల్ని మెల్లగా ఊపి పైకి లాగాడు. రుమాల్లో చుట్టి జాకెట్ జేబులో పెట్టుకున్నాడు. కొత్తవి దింపాడు. స్విచ్ వేశాడు.

ఎర్రబడ్డాయి. పాతవాటికంటే అందంగా వెలిగాయి.

స్పీకర్‌లో బుస లేదు. గరగర లేదు... ఏమీ లేదు.

"ఆన్ అయిందా?" అన్నాడు భాస్కర్.

"అయింది అన్నా."

"నిరూ..."

ఏమీ లేదు.

"నిరూ, నేనే... ఇప్పుడు చెప్పు."

భాస్కర్ లేచి స్పీకర్‌కి చెవి ఆనించాడు. అలాగే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చాలా మంచి ట్యూబులు అవి. వాటిల్లో ఏ చప్పుడూ లేదు.

చూడలేక, నీళ్ళు తాగొస్తానని చెప్పి మహేంద్ర ఇంట్లోకి వెళ్ళాడు. వంటింటి దాకా వెళ్ళలేదు. నడవాలోనే ఆగిపోయాడు.

"ఊఁ... ఊఁ..."

అదే రాగం. అదే గొంతు.

స్పీకర్లు లేని చోట. ఎడంపక్క మూసిన తలుపు వెనక నుంచి.

ఆ క్షణంలో పారిపోదామనుకున్నానక్కా అన్నాడు. కాళ్ళు కదిలితే పారిపోయేవాడేనట. కదల్లేదు కాబట్టి, చెయ్యి చాచి తలుపు తోశాడు.

గదిలో లైటు లేదు. కింద, శాలువా కప్పుకుని, గరాజ్ గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని కృష్ణవేణి గారు పాడుతున్నారు.

మహేంద్ర ఆవిడ నోరు విప్పి పాడగా వినడం అదే మొదటిసారి. భాస్కరూ వినలేదు, పెళ్ళయిన నాటి నుంచీ వినలేదు. అల్లుడి ముందు గొణుగుడు తప్ప ఆవిడ నోటి వెంట ఏదీ వచ్చేది కాదు. కూతురి గొంతు అచ్చంగా తల్లి గొంతని, ఆ జోల తల్లి నేర్పిన జోలని అతనికి ఎలా తెలుస్తుంది?

మహేంద్రకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఈ దేశపు ఇళ్ళ గోడలు మీకు తెలిసినవే, పక్క గదిలో తుమ్మితే మనం చిరంజీవ అనాలి. ఆవిడ వీపు ఆనిన గోడకే అటుపక్క అర. అర మీద ఆంప్లిఫయర్. ఆవిడ పాడే ఆ సన్నటి రాగం అటు నేరుగా చెవికి అందదు గాని, దానికి గోడ అదిరి, అర అదిరి, ఆ ముసలి ట్యూబులోని వదులు తీగలు అదిరేవి. ట్యూబే మైకు అయిపోయింది. కొత్తవి గట్టివి, అవి అదరవు.

"ఆంటీ... మీరు రోజూ ఇక్కడే పాడతారా?" అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడ్డారు. అతన్ని గుర్తుపట్టి కాస్త తేరుకున్నారు.

"అల్లుడుగారు అటు దానితో మాట్లాడతారు బాబూ," అన్నారు రహస్యం చెప్పినట్టు. "గోడలోంచి వినబడుతుంది. నిరూ నిరూ అంటారు. ఆయనకి కనబడుతోంది కాబోలు... నేను అటు రాలేను కదా. అందుకని ఇటు నుంచే నా బిడ్డని పలకరిస్తున్నాను."

ఇక్కడే మహేంద్ర తప్పు చేశాడు. తప్పని నేనంటే మీరు ఒప్పుకోకపోవచ్చు, నిజం చెప్పడం తప్పెలా అవుతుందంటారు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అటుపక్క నిరుపమ లేదని, ఇన్నాళ్ళూ అల్లుడుగారు విన్నది మీ గొంతేనని, మీ పాట ప్రతి సాయంత్రం ఆయన దగ్గరికి చేరుతోందని.

కృష్ణవేణి గారు శాలువా తల మీదకి లాక్కున్నారు.

గరాజ్‌లోకి తిరిగొచ్చేసరికి భాస్కర్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. అతనికి కూడా చెప్పేద్దామనే వచ్చాడు మహేంద్ర. నోరు తెరిచాడు కూడా. భాస్కర్ తలెత్తి చూశాడు.

"పాతవే పెట్టెయ్ మహేంద్రా. మాటలు తెలియకపోయినా ఫర్వాలేదు. గొంతు చాలు నాకు."

ఆ మొహం చూశాక చెప్పడానికి మనసొప్పలేదు. పాతవే కదా, పెట్టేద్దాం, ఇంకొన్నాళ్ళు విననీ అనుకున్నాడు. జేబులోంచి తీసి, తుడిచి, ఒక్కొక్కటీ దింపాడు.

ఎర్రబడ్డాయి. బుస వచ్చింది. పెన్సిల్‌తో తట్టాడు — 'టంగ్' మంది. అంతా మునుపటిలాగే ఉంది. భాస్కర్ కళ్ళల్లోకి ప్రాణం వచ్చింది.

"నిరూ..."

బుస...

"నిరూ... తప్పయిపోయింది. మళ్ళీ పాతవే పెట్టించాను. పలుకు."

బుస... ఇంకా బుస...

"మనం తీసినప్పుడు వెళ్ళిపోయింది," అన్నాడు భాస్కర్ చివరికి. గొంతులో కోపం లేదు. "నేనే పంపేశాను."

మహేంద్ర పరుగున లోపలికి వెళ్ళాడు. మళ్ళీ పాడమని కాళ్ళమీద పడి అయినా అడుగుదామని తలుపు తోశాడు.

కృష్ణవేణి గారు ఆ గోడ దగ్గరే ఉన్నారు. వీపు మాత్రం గోడకి ఆనడం లేదు. చీరకొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, చప్పుడు మాత్రం లేదు.

"ఒక్కసారి పాడండి ఆంటీ. ఆయన బతకలేడు," అన్నాడు మహేంద్ర.

ఆవిడ కొంగు తీసి, గోడవైపు భయంగా చూసి, పెదాలు మాత్రం కదిపారు.

"అల్లుడుగారికి వినబడుతుంది కదా బాబూ."

గోడకి అటుపక్క భాస్కర్ ఇంకా పిలుస్తూనే ఉన్నాడట.