ఈ తీగ ఏ రంగమ్మి?

ఒడిశా కొండల్లోని సెమిలిగుడలో ఆ పొద్దున బాగా తెల్లవారినా మంచు విడలేదు. మెయిన్ రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకునే పోతున్నాయి. హరిప్రియ ఉప్మాకి ఎసరు పెట్టి, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో చిలక బొమ్మ గీసింది. ముక్కు దగ్గర నీటిచుక్క జారి చిలక గడ్డం పెంచుకున్నట్టయింది. ఒక్కర్తే కిసుక్కున నవ్వుకుంది. పెళ్లయి పార్వతీపురం నుంచి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి ప్రతిదీ ముచ్చటే. ఈ చలి ముచ్చటే, రెండు స్వెటర్లు వేసుకుని కాఫీ తాగడం ముచ్చటే. అన్నిటికన్నా ముచ్చట ముందుగదిలో బల్ల మీద కుప్పగా పడి ఉండే రంగు రంగుల తొడుగులు.

భర్త హరీష్ చేసే పని అదే. కంప్యూటర్లో పవర్ సప్లై డబ్బా నుంచి బయల్దేరే తీగలు చిక్కుపడ్డ పేగుల్లా ఉంటాయని కొందరికి నచ్చవు. వాళ్ల కోసం ఒక్కో తీగకీ దారంతో అల్లిన తొడుగు చేత్తో ఎక్కించి, చివర్లు లైటర్ మంటకి చూపించి అంటించి, దువ్విన జడలా వరసగా అమర్చి పంపుతాడు. పెళ్లిచూపుల రోజున "అబ్బాయి తీగలకి చొక్కాలు తొడుగుతాడట" అని పిన్ని చెవిలో ఊదితే హరిప్రియకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసే ఒప్పుకున్నానని హరీష్ ఇప్పటికీ అంటాడు.

బల్లకి అటుపక్క కుర్చీ మామగారు కూర్మారావుది. అల్యూమినియం ప్లాంటులో కేబుల్ జాయింటర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ మధ్య దగ్గు పట్టుకుని తగ్గకపోతే టీబీ అని తేలింది. మందులు పడ్డాక దగ్గు పోయింది. ఇక ఎవరికీ అంటుకోదని కోరాపుట్ ఆసుపత్రి నర్సు ప్రేమలీల భరోసా కూడా ఇచ్చింది. అయినా అత్తగారు సత్యభామ ఆయన కంచం, గ్లాసు వేరే గూట్లోనే పెడుతుంది. ఎవరైనా ఇంటికొస్తే ఆయనే లేచి పెరట్లోకి పోతాడు. ఆయన నలుగురితో కూర్చునే చోటు ఆ బల్ల ఒక్కటే. తొడుగులు వేసేది కొడుకు. తీగ చివర బయటికి కనిపించే రంగును బట్టి దేన్ని ప్లగ్గులోని ఏ గడిలోకి దూర్చాలో ఆ గడిలోకి దూర్చేది తండ్రి. "నాన్న చెయ్యి పడ్డాక మళ్లీ మీటరు పెట్టి చూడక్కర్లేదు" అని హరీష్ అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఉప్మా పళ్లేలతో వచ్చిన కోడల్ని చూడగానే కూర్మారావు ఒక తీగ పైకెత్తాడు.

"రా అమ్మి, రా. ఈ తీగ ఏ రంగు సెప్పు?"

"నారింజ, మావయ్యా!"

"శభాష్. ఇది?"

"ఎరుపు."

"మరిది?"

"ఆకుపచ్చ. నన్ను మరీ ఎల్‌కేజీలో కూర్చోబెట్టేశారు మావయ్యా."

"నేర్సుకోవాల మరి. రేపు మీ ఆయనకి జొరమొస్తే ఈ పని నువ్వే కదా సూసుకోవాల."

ఆమె రంగు చెప్పిన ప్రతి తీగా ఆయన వేళ్ల మధ్య నుంచి గడిలోకి టిక్కుమని దూరిపోయేది. ఆ చప్పుడంటే హరిప్రియకి ఎంత ఇష్టమో. తనకి పని నేర్పుతున్నారని పొంగిపోయేది.

వంటింట్లోంచి సత్యభామ గొంతు వచ్చింది. "పాఠాలు తరవాత సెప్పుకుందురు గాని. నిన్న సంతకెల్లి పచ్చడికి పండు మిరపకాయలు తెండి అంటే సంచీడు పచ్చివి తెచ్చేరు. వాటినేటి సేసుకోమంటారు?"

"ఆ ముసిల్ది ఏదిస్తే అది తెచ్చేను."

"ముసిల్దిస్తే మీకు కళ్లు నేవేటి?"

కూర్మారావు తల వంచి ఇంకో తీగ ఏరుకున్నాడు. కాసేపటికి కోడలి వైపు తిరిగి, "అదేటమ్మి, కొత్త పెల్లికూతురివి, ఈ బూడిదరంగు సీర కట్టేవు?" అన్నాడు.

హరిప్రియ తన కుంకుమరంగు చీర చూసుకుని పకపకా నవ్వింది. "మీ వేళాకోళం బాగుంది మావయ్యా!" అంది. కొంచెం ఆలస్యంగా ఆయనా నవ్వాడు.

ఆదివారం హరీష్ భార్యని నందపూర్ సంతకి తీసుకెళ్లాడు. రాయగడలో పెళ్లి వీడియోలు తీసే శరత్ బాబుకి పంపాల్సిన కేబుల్ అప్పటికి సగమే అయింది. "నువ్వుండు నాన్నా, సాయంత్రం వచ్చి నేను చూస్తాను" అని హరీష్ అన్నాడు గాని, ఆయన వింటేగా. "ఎల్లండ్రా, ఎల్లండి. ముప్పయ్యేళ్లు కేబుళ్లు కలిపినోన్ని. ఈ పిల్ల తీగలు నాకో లెక్కా?" అని తరిమాడు.

సంతలో హరిప్రియ గవ్వల దండ కొనిపించుకుంది. వేడి పకోడీలు పొట్లంలో తింటూ బస్సు కిటికీలోంచి కొండల మీద వెండిలా పాకుతున్న మబ్బుల్ని చూసింది. హరీష్ భుజం మీద తల వాల్చి, ఇంతకన్నా ఏం కావాలి మనిషికి అనుకుంది. తిరిగి వచ్చేసరికి కేబుల్ అట్టపెట్టెలో భద్రంగా కూర్చుని ఉంది. పైన దారం కూడా కట్టేశాడు కూర్మారావు. మర్నాడు పొద్దున్నే రాయగడ బస్సులో హరీష్ దాన్ని పంపించేశాడు.

ఫోను బుధవారం వచ్చింది. హరీష్ చేతిలో తొడుగు ఉండడంతో స్పీకర్ పెట్టాడు.

"హరీష్ గారూ," అన్నాడు శరత్ బాబు. "మీ కేబుల్ పెట్టి స్విచ్ వేశానో లేదో, పొగ! కంప్యూటర్ మొత్తం కాలిపోయింది. లోపలున్న వీడియోలన్నీ పోయాయి. మెకానిక్ వచ్చి చూసి ఎరుపు, నారింజ ఒకదాని గడిలో ఒకటి పెట్టారని చెప్పాడు. చిన్నపిల్లలు కూడా చెయ్యరండీ ఈ తప్పు!"

"శరత్ గారూ, కంప్యూటర్ నేను..."

"కంప్యూటర్ కొనుక్కోవచ్చండీ. ఒక పెళ్లికూతురి తండ్రి, పెళ్లయిన వారానికి గుండెపోటుతో పోయాడు. అప్పగింతల్లో ఆయన ఏడ్చింది ఆ వీడియోలో ఉంది. ఇవాళ సాయంత్రం ఆ అమ్మాయి వస్తుంది. నేనేం చెప్పాలి? మీరొచ్చి చెప్తారా?"

ఫోను ఆగిపోయింది. రోడ్డు మీద లారీ హారన్ ఒకటి పొడుగ్గా మోగి దూరమైపోయింది.

"ఎవులు పెట్టేరా తీగలు?" సత్యభామ అడిగింది. ఆవిడ చూపు తిన్నగా కోడలి మీదికి పోయింది. "రోజూ ఆ బల్ల కాడే ఆడుతుంది కదా. మీ నాన్న లేనప్పుడు సూసి ఏదో కెలికుంటాది."

"ప్రియా," హరీష్ గొంతు తగ్గించి అడిగాడు. "నందపూర్ వెళ్లేముందు నువ్వేమైనా ముట్టుకున్నావా?"

లేదని చెప్పడానికే హరిప్రియ నోరు తెరిచింది. అప్పుడు మామగారు కనిపించాడు. తల వంచుకుని ఉన్నాడు. చేతిలో రెండు తీగలు. వాటిని కిటికీ వెలుగుకేసి ఒకసారి, నీడకేసి ఒకసారి తిప్పి చూస్తున్నాడు. ముప్పయ్యేళ్ల పనితనం నలుగురి ముందు ఇలా పోకూడదనుకుందో ఏమో, ఆమె నోట వేరే మాట వచ్చింది.

"అవునండీ. నేనే మార్చినట్టున్నాను. సరదాకి..."

"సరదాకా?" హరీష్ లేచాడు. పెళ్లయ్యాక ఆమె మీద గొంతు పెంచడం అదే మొదలు. "నాన్న చెయ్యి పడిందంటే నేను కళ్లు మూసుకుని పంపేస్తాను. అలాంటిది ఆయన చేసిన దాంట్లో వేలు పెట్టావా? ఒక పిల్ల తండ్రిని రెండోసారి చంపేశాం, తెలుస్తోందా నీకు?"

చేత్తో ఒక్క ఊపు ఊపితే బల్ల మీది తీగలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి.

ఎవరూ చెప్పకుండానే కూర్మారావు కింద కూర్చుని వాటిని ఏరడం మొదలెట్టాడు. అలవాటు ప్రకారం రంగు రంగుకీ వేరే కట్ట కడుతున్నాడు. హరిప్రియ కన్నీళ్లలోంచే చూసింది. ఎరుపు కట్టలో ఆకుపచ్చ తీగ చేరింది. దాని పక్కన నారింజ చేరింది. ఆయన ఆ కట్టని నిమిరి, సరిగ్గానే ఉందన్నట్టు పక్కన పెట్టి ఇంకో తీగ అందుకున్నాడు.

ఆమె ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

కిందటి నెల మందుల కోసం ఆయనతో తనే వెళ్లింది. ప్రేమలీల అడిగిన మాట చెవిలో మోగింది. "అన్నయ్యగారూ, రంగులు తేడాగా కనబడుతున్నాయా? ఈ మాత్రలతో కొందరికి కంటినరం దెబ్బతింటుంది. తేడా ఉంటే ఆ రోజే చెప్పాలి, దాచకూడదు." దానికి ఆయన, "నాకేటమ్మా, బెమ్మాండంగా కనబడుతున్నాయి" అన్నాడు. పక్కన నిలబడి తను నవ్వింది కూడా.

బూడిదరంగు చీర. పచ్చి మిరపకాయలు. రోజూ పొద్దున్నే ఆ ఆట.

హరిప్రియ వెళ్లి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. చెంగు చేతిలోకి తీసుకుని ముందుకి చాపింది.

"మావయ్యా, నా చీర ఏ రంగు?"

"ఇప్పుడు సీర గొడవేటే?" అంది సత్యభామ.

"చెప్పండి మావయ్యా. ఒక్కసారి చెప్పండి."

కూర్మారావు ఆ చెంగుని చాలాసేపు చూశాడు. వేలితో తడిమాడు. తర్వాత చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు.

"నువ్వే సెప్పమ్మి," అన్నాడు. "రోజూ నువ్వే కదా సెప్తావు."

హరీష్‌కి అర్థమవడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

"దసరా ముందర్నుంచి. ముందు ఎరుపు ఎలిసిపోయింది. తరవాత అన్నీ మట్టిరంగే."

"డాక్టరుకి ఎందుకు చెప్పలేదు? నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఈ బల్ల కాడ కూకోనిస్తావేట్రా?" అన్నాడు కూర్మారావు. "కంచం ఏరు, గలాసు ఏరు. నలుగురొస్తే పెరడు. ఇక్కడ కూకున్నంతసేపే నాను మనిసిని. అందికే ఈ పిల్ల కళ్లు అరువు తెచ్చుకున్నాను. ఆదివారం ఇది నేదు. నాకెందుకు తెలీదులే అని పౌరుషానికి పోయేను." కోడలి వైపు చూడలేక నేలకేసే చూస్తూ అన్నాడు. "అంతా అయ్యి, నా తప్పు ఈ పిల్ల నెత్తినేసుకుంటే నోరు మూసుకుని కూకున్నాను. అదీ మీ నాన్న పనితనం."

సత్యభామ చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. గూటి దగ్గర ఆగిపోయి, ఆ విడి గ్లాసుని పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు కూర్మారావుని తీసుకుని హరీష్, హరిప్రియ కోరాపుట్ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు రంగు చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి ఒక్కో పేజీ చూపించాడు. చుక్కల మధ్య హరిప్రియకి అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మావయ్యకి గుసగుసగా చెప్పేయాలని నాలుక దాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఊరుకుంది. కూర్మారావు ప్రతి పేజీకీ ఒకటే మాట అన్నాడు. "సుక్కలే బాబూ. ఉట్టి సుక్కలే."

డాక్టరు ఒడియాలో చెప్పింది ప్రేమలీల తెలుగులో చెప్పింది. "ఆ ఒక్క మాత్ర ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నారు అన్నయ్యగారూ. మిగతావి వాడాలి. చూపు మెల్లగా తిరిగి రావచ్చు. రాకపోనూ వచ్చు. అప్పుడే చెప్పి ఉంటే..." ఆ మాట ఆవిడ పూర్తి చెయ్యలేదు.

రాయగడ వీడియోలు తిరిగి రాలేదు. హరీష్ ఎన్ని చోట్లకి తిరిగినా ఎవరూ తీయలేకపోయారు. కూర్మారావు పట్టుబట్టి కొడుకుతో ఆ పెళ్లికూతురి ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో నిలబడి, "తప్పు నాదేనమ్మా. నాకు రంగులు కనబడవని నాను దాసేను" అన్నాడు. ఆ అమ్మాయి తిట్టలేదు. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. తిరిగొచ్చే బస్సులో దారి పొడుగునా ఆయన కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

మంచు రోజులు పోయి ఎండలు వచ్చాయి. రంగులు మాత్రం రాలేదు. కూర్మారావు బల్ల వైపు కూడా చూడకుండా పెరట్లోనే కూర్చునేవాడు. కంచాలన్నీ ఇప్పుడు ఒకే గూట్లో ఉన్నాయి. సత్యభామ ఆయన గ్లాసులోనే తనూ కాఫీ తాగుతోంది. ఆయన అది గమనించాడో లేదో ఎవరికీ తెలియదు.

ఒక పొద్దున హరీష్ పెరట్లోకి వెళ్లాడు.

"నాన్నా, రా. గడుల్లో దూర్చడం నీ అంత ఇదిగా నాకు రావట్లేదు."

"ఏల? ఇంకెవుల్దేనా కాల్సడానికా?"

"ప్రియ రంగు చెప్తాది. నువ్వు పెట్టు. ఇకనుంచి ప్రతీదీ నేను మీటరు పెట్టి చూస్తాను. ముగ్గురం చూసేకే పెట్టె కడదాం."

కూర్మారావు కదల్లేదు. అప్పుడు హరిప్రియ గుమ్మంలోకి వచ్చి, "ఎల్‌కేజీ పిల్లని, పాఠం మధ్యలో వదిలేస్తారా మావయ్యా?" అంది.

ఆయన లేచి, గోడ పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద చెయ్యి పెట్టి తడిమి ఒక తీగ తీశాడు. కొడుకు చూస్తున్నాడు. వంటింటి గుమ్మంలో భార్య చూస్తోంది. ఇక దాచడానికి ఏమీ లేదు.

"ఈ తీగ ఏ రంగమ్మి?"

ఇదివరకైతే హరిప్రియ ఠక్కున చెప్పేసి శభాష్ కోసం చూసేది. ఇవాళ తీగని కిటికీ దాకా తీసుకెళ్లి, ఎండలో ఒకటికి రెండుసార్లు చూసింది. వెనక్కి వచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"నారింజ, మావయ్యా."

ఆయన శభాష్ అనలేదు. వేళ్లు గడులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఒక చోట ఆగాయి. టిక్కుమంది. హరీష్ మీటరు ముల్లు ఆనించి చూసి, "సరిగ్గా ఉంది నాన్నా" అన్నాడు.

కూర్మారావు కళ్లు తుడుచుకుని ఇంకో తీగ పైకెత్తాడు.

"మరిది?"