ఇనుము లేని గోడ

వానలో మారివెల్ తలుపు దబదబా బాదుతోంది.

వెనక మోటార్ సైకిళ్లు... దగ్గరికొచ్చేశాయి!

తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చి పడింది. గడియ పడింది.

బతికిపోయాననుకుంది.

తలుపు తీసింది కల్నల్ అన్సెల్మో, రిటైర్డ్ పోలీసు. ఆమెకు నినోంగ్, అంటే జ్ఞానతండ్రి. తండ్రి పోయినవాళ్లకి ఈ ఊళ్లో నినోంగే దిక్కు. ప్రాణాల మీదికొచ్చినా మర్యాద మర్యాదే. వంగి, ఆయన చెయ్యి నుదుటికి ఆనించుకుంది.

ఆ చెయ్యి మణికట్టు పట్టేసింది!

రెండో చెయ్యి ఆమె ఫోన్ లాగేసింది.

"కూర్చో తల్లీ. తడిసిపోయావు."

బల్ల దగ్గర అల్లం గంజి తాగుతున్నాడు కాంట్రాక్టర్ గాలాంగ్. వాడి కూతురికీ ఈయనే నినోంగ్! ఆ సంగతే మరిచి వచ్చింది పిచ్చిది. కంచే చేను మేస్తోంది.

వరదగోడ కట్టింది గాలాంగే. పొద్దున డ్రిల్ పెట్టి చూసింది ఇంజనీర్ మారివెల్. లోపల ఒక్క ఇనుప ఊచ లేదు... ఇసుకా, రాళ్లూ! గోడ బాగుందని సంతకం పెట్టనంది. అప్పట్నుంచీ గాలాంగ్ మనుషులు తరుముతుంటే పరుగే.

బయట నది పొంగుతోంది. గోడను నమ్ముకుని ఒడ్డునున్న లినావ్ పేట జనం ఇళ్లలోనే ఉన్నారు.

బల్ల మీద కల్నల్ వాకీటాకీ గరగరమంది. లినావ్ పెద్ద నెనీత. ఉండాలా, పోవాలా అని అడుగుతోంది. ఇంజనీరమ్మ చెబితే తప్ప జనం కదలరట. మైకు పెట్టి అందరికీ వినిపిస్తుందట.

జనం కదిలితే టీవీలొస్తాయి. గోడ బండారం బయటపడుతుంది. గాలాంగ్ భయం అదే.

"గోడ గట్టిదని చెప్పు," అన్నాడు కల్నల్. "తర్వాత ఇంటికి పో."

గాలాంగ్ పిస్తోలు తీశాడు.

కుడితిలో పడ్డ ఎలుక అయిపోయింది మారివెల్. చావంటే భయం. చచ్చేంత భయం!

వాకీటాకీ అందుకుంది.

"నినోంగ్, నా జ్ఞానస్నానం రోజు సైతానుని వదిలేస్తానని నా బదులు ఒట్టేసింది మీరేగా?"

కల్నల్ తల దించుకున్నాడు.

బటన్ నొక్కింది.

"నెనీతక్కా, గోడలో ఇనుము లేదు. పిల్లల్ని తీసుకుని కొండెక్కండి."

ఢాం!

పక్కటెముకల్లో నిప్పు... నేల మీద పడింది. వేలు మాత్రం బటన్ మీదే ఉంది. ఆ మోత లినావ్ అంతటా మైకులో మోగింది!

వేలు జారింది.

వాకీటాకీలోంచి గోల... తలుపుల చప్పుళ్లు, పిల్లల ఏడుపులు. వాటి మీదుగా నెనీత గొంతు.

"ఆమెను కాల్చేశారు. అయితే నిజమే. లేవండి... అందరూ లేవండి."