ఎరుకపడవ ఎక్కిన పోలమ్మ

పెళ్లి కాని మగవాణ్ని సముద్రంలోని నల్లరాళ్ల దిబ్బకు తీసుకెళ్లనని పడవ మూడోసారి కూడా మర్యాదగానే చెప్పింది.

సత్తెయ్యకు ఒళ్లు మండిపోయింది. వంజరం చేప ఆ దిబ్బ దగ్గర నిలిచేది ఏడాదికి నాలుగు రోజులు. అది పడితేనే ఆయన ఏడాది గడుస్తుంది. చుక్కాని చేత్తో తిప్పే కాలం పోయి, ఊళ్లో అందరివీ ఎరుకపడవలే అయ్యాయి. గాలినీ నీటినీ చూసుకుని వాటంతట అవే నడుస్తాయి, వలలూ అవే లాగుతాయి. ముసలివాళ్ల కథల్లో సుడుల జాడలు దాగి ఉంటాయని ఎవరో కనిపెట్టి, తీరంలోని కథలన్నీ వాటికి నూరిపోశారు. దిబ్బ దగ్గరి రాళ్ల కన్నె బ్రహ్మచారులను మొగుళ్లుగా పట్టుకుపోతుందన్న కథా అందులోదే. మనుషులైతే ఆ కథ చెప్పుకుని, నవ్వుకుని, చేపల వేటకు పోయేవారు. పడవకు నవ్వడం ఎవరూ నేర్పలేదు.

నలభై దాటిన సత్తెయ్య తనకు పెళ్లయిందని బొంకాడు. అయితే ఇల్లాలితో ఒక మాట చెప్పించమంది పడవ.

ఆయన తిన్నగా పోలమ్మ దగ్గరికి పోయాడు. ఆయన పట్టిన చేపలు కొని ఊళ్లలో అమ్ముకొచ్చేది ఆవిడే. మొగుణ్ని తుఫాను పట్టుకుపోయిన మనిషి. ఆయన మనసులో ఉన్నదీ ఆవిడే గానీ, చెప్పడానికి ఏనాడూ నోరు పెగల్లేదు. పెళ్లాన్నని పడవకు ఒక్క అబద్ధం చెప్పమని బతిమాలాడు. పోలమ్మ వచ్చింది గానీ అబద్ధం ఆడనంది. ఆడమనిషి ఒక్కతే ఎక్కితే ఏమవుతుందని పడవనే అడిగింది.

పడవ కథలన్నీ వెతుక్కుంది. ఆడవాళ్లు వేటకు వెళ్లడం ఆ తీరంలో ఎరగరు. ఎరగనిదానికి కథ ఎవరు కడతారు? అభ్యంతరం ఏమీ లేదని చెప్పి, ఆవిడ ఎక్కగానే బయలుదేరింది.

సత్తెయ్య గట్టు మీద ఉండిపోయాడు. మొదట నవ్వొచ్చింది. తరవాత గాలి తిరిగింది, పడవ కనుచూపు దాటింది. రాళ్ల కన్నె ఆడవాళ్ల జోలికి పోదని తనకు తానే చెప్పుకున్నాడు. అయినా గంగమ్మకు కోడిని మొక్కాడు, కాసేపటికి దాన్ని మేక చేశాడు. గట్టు మీది ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మగవాళ్లు వేటకెళ్తే అలా మొక్కుతూ కాచుకోవడం వాళ్లు రోజూ చేసే పనే.

పొద్దు వాలుతుండగా పడవ నిండా వంజరంతో పోలమ్మ దిగింది. సత్తెయ్య చేపల వంక చూడనైనా లేదు.

"మనం మనువాడదాం, పోలమ్మా."

"పడవ ఎక్కనిత్తాదనా?"

"కాదు. నానీ గట్టు మీద ఒక్కడ్నీ ఉండనేను."

పోలమ్మ కళ్లు తడిశాయి.

"నానున్నాను గదా ఒకప్పుడు. మల్లీ ఉండను. ఎక్కితే ఇద్దరం ఎక్కుదాం."

ఆలుమగలు కలిసి వేటకెళ్లిన కథ తన దగ్గర లేదని పడవ వెనకనుంచి విన్నవించుకుంది.

"ఇప్పుడు ఇన్నావు గదా," అని పోలమ్మ చేపల గంపను సత్తెయ్య నెత్తికెత్తింది.